సంగాడి వారి తమ్ముడు

నాగసాయి వార్తల కోసం ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఇంటిపేరు మీద ఆడడం మాత్రం ఇదే మొదలు.

యానాంలో మెట్టకూరు పక్కన ఒక షెడ్డులో రొయ్యలు బరువు తూగడానికి మందునీళ్ళలో నానబెడుతున్నారనీ, వాటిని వలిచే ఆడవాళ్ళ చేతుల తోలు ఊడిపోతోందనీ అతని చానల్‌కి తెలిసింది. ముందు వెళ్ళిన రిపోర్టరు దగ్గర ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకని నాగసాయి తానెవరో చెప్పకుండా, టీ కొట్టు దగ్గర నాగమణితో మాట కలిపాడు. ఆమె షెడ్డులోనే పనిచేస్తుంది. మణికట్టు మీద తండ్రి పేరు పచ్చబొట్టు ఉంది: సంగాడి పోలయ్య. మనవాడి బుర్ర పాదరసం కదా!

"మేమూ సంగాడోళ్ళమేనక్కా" అన్నాడు.

ఇంక చూడాలి ఆమె సంబరం. తోడబుట్టినవాళ్ళు లేని మనిషి. అప్పటికప్పుడు ఇంటికి లాక్కెళ్ళి చేపల పులుసుతో అన్నం పెట్టింది. కూతురు ధనశ్రీని పిలిచి, "మీ మావయ్యే, దణ్ణం పెట్టు" అంది. ఆ పిల్లకి వచ్చే నెలలో పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చే మేనమామ లేడని ఇన్నాళ్ళూ దిగులు పడిందట.

"బుట్ట నువ్వే పట్టాలిరా తమ్ముడూ" అంది. అతను తలూపాడు. ఆ తర్వాత షెడ్డు సంగతి అడిగితే చేతులు చాపి మరీ చూపించింది, ఏదీ దాచలేదు. చొక్కా బొత్తంలో దాచిన కెమెరా అంతా తీసుకుంది.

వార్త వచ్చింది. ఆమె ముఖం మసక చేశారు, గొంతు మార్చారు. చేతులే సాక్ష్యం కాబట్టి వాటిని దగ్గరగా చూపించారు, పచ్చబొట్టుతో సహా. అన్నీ దగ్గరుండి చూసుకున్న నాగసాయికి ఆ పేరు ఆమెని పట్టిస్తుందని తట్టనే లేదు. అధికారులు షెడ్డుకి తాళం వేశారు. చానల్ పెద్ద కృష్ణమూర్తి అందరి ముందూ అతని భుజం తట్టాడు.

మర్నాడు నాగమణి ఫోన్ చేసింది. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాడు.

"తమ్ముడూ, నువ్వు యానాం రాకురా. మనిద్దర్నీ ఎవడో చాటుగా వీడియో తీసేసేడు. నీ గొంతు కూడా ఇనిపించింది. ఓనరు మనుషులు నీ కోసం తిరుగుతున్నారు. మీ తమ్ముడే చేసేడని ఊళ్ళో అంటే నేనూరుకోలేదు. మా సంగాడోళ్ళు అలాంటోళ్ళు కాదని దెబ్బలాడేను. ఫోన్లోంచి కూడా దొంగిలిత్తారంట గదా, నీ ఫోను ఓసారి చూపించుకో."

"నీ పనో, అక్కా?"

"పోయింది. అందరిదీ పోయింది. అదలా ఉంచు. పెళ్ళికి మాత్రం తెల్లారగట్ల ఎవరికీ కనపడకుండా వొచ్చెయ్. బుట్ట పట్టడానికి ఇంకెవరున్నారు?"

నాగసాయి సిగ్గుతో చచ్చిపోయాడు. వార్తలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కానీ ఆ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటాడు? ఆమె నోరారా తిట్టినా బాగుండేది.

"అక్కా, తీసింది నేనే. నేను రిపోర్టర్ని. మా ఇంటిపేరు సంగాడి కాదు."

 అవతల ఆమె వెనక నుంచి ధనశ్రీ, "మావయ్యేనా అమ్మా?" అని అడగడం వినిపించింది.

"ఆ మాట ఇంకెవరితోనూ అనకండి బాబూ" అంది నాగమణి. "నా తమ్ముడని ఊరందరికీ చెప్పుకున్నాను. పని పడి పెళ్ళికి రాలేకపోయేడని కూడా నేనే చెప్పుకుంటాను."