దర్గా గడపకు చేరని రాయి

రాయి లోపలే పొడైపోతే మొక్కెలా తీరుతుంది? సభాగి పట్టిన పట్టు విడవలేదు. నాలుగేళ్ల మనవరాలు ముమల్ కిడ్నీలో రాయి ఉందని తేలిన రోజే, తీయించాక దాన్ని తెచ్చి కొండ మీది పీరు దర్గా గడప దగ్గర పెడతానని మొక్కుకుంది. సింధ్‌లో దాదూ జిల్లా వైపు ఊళ్లలో అందరూ మొక్కుకునేదే అది. ఈ కరాచీ డాక్టరమ్మేమో వీపులో చిన్న చిల్లు పెట్టి, సన్నని గొట్టం పంపి, రాయిని లోపలే చితక్కొట్టి లాగేస్తానంటోంది.

"ఆ పొడి తీసుకెళ్లి పీరు ముందు ఏ మొహంతో పెట్టను? చిన్నప్పుడు నాకు కోసినట్టే కోసి, రాయి రాయిలాగే ఇమ్మను," అంది కొడుకుతో.

"పసిదాన్ని అంతలా కొయ్యమంటావా అమ్మా?" అన్నాడు పంజల్.

"నన్ను కొయ్యలేదా? నేను బతకలేదా? నీలాంటి మొండిఘటాన్ని కనలేదా?"

తల్లి మాట కాదని సంతకం పెట్టే ధైర్యం పంజల్‌కు లేదు. టీ తెస్తానని వార్డులోంచి బయటికి నడిచాడు.

తన చిన్ననాటి ఆపరేషన్ అంటే సభాగికి మహా మురిపెం. నాన్న ఆమె రాయిని అజ్రక్ అద్దకం గుడ్డ పేలికలో మూటగట్టి, ఆమెను భుజాన ఎక్కించుకుని కొండెక్కాడు. దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ మూట విప్పి చూపించాడు. పెళ్లిలో కూడా ఆమెకు అంత ఊరేగింపు జరగలేదు.

ముమల్ పక్కలో చేరి, నానమ్మ కమీజు కాస్త తప్పించి మచ్చ మీద వేలు పెట్టింది. వీపు దగ్గర మొదలైన వేలు పొట్ట దాకా వచ్చినా మచ్చ అయిపోలేదు.

"నొప్పెట్టిందా నానమ్మా? నాకూ ఇంత కోస్తారా?"

లేదే తల్లీ అనబోయి సభాగి ఆగిపోయింది. ఆ రోజు దర్గా గడప దగ్గర రాయి పెట్టి నాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. నా ఇంట్లో ఇంకో బిడ్డకు ఈ కోత వద్దు సాయీ అని పీరును వేడుకున్నాడు. ఊరేగింపు గుర్తుంచుకుని ఆ ఏడుపును ఇన్నేళ్లూ ఎలా మరిచిందో ఆమెకే తెలియలేదు.

పంజల్ టీ తెచ్చాడు.

"ఆ చిన్న చిల్లే పెట్టమను. పీరుకి నేను చెప్పుకుంటాలే," అంది.

మర్నాడు ఆపరేషన్ అయ్యాక ముమల్ కళ్లు తెరిచి పొట్ట తడుముకుంది.

"ఇంకా కొయ్యలేదా నానమ్మా?"

"అయిపోయిందే పిచ్చిదానా."

అంటూనే తనకూ నమ్మకం చాలక పిల్లను మెల్లగా పక్కకు తిప్పి చూసింది. వీపున ఆమె అరచేతికి సరిపోయేంత కట్టు, అంతే. ఇది చూడటానికి నాన్న ఉంటే బాగుండేదనిపించి, పిల్ల చూడకుండా తల తిప్పుకుని ఏడ్చేసింది.