ఏడు రోజుల రాణివాసం

రాణినయ్యాక కూడా బార్లీ నేనే విసిరాను. పాత ఇంట్లో కనీసం పొరుగావిడ వచ్చి తిరగలికి రెండో చెయ్యి వేసేది. రాజధాని తిర్సాలో కోటలోకి వచ్చాక అదీ లేదు. తాగి ఒళ్లు తెలియకుండా పడున్న ఏలా రాజును పొడిచి గద్దెనెక్కాడు కదా మా ఆయన, తననీ ఎవరో విషం పెట్టి చంపుతారని భయం పట్టుకుంది. నా చేతి రొట్టె తప్ప ముట్టడు. "అదృష్టవంతురాలివే! రాజు నిన్ను తప్ప ఇంకెవరినీ నమ్మడు" అంది అత్తగారు, మంచం దిగకుండానే. ఆ నమ్మకం పుణ్యమా అని నా అరచేతులు బొబ్బలెక్కాయి.

మొదటి రోజే ఏలా వంశంలో మగవాళ్లందరినీ చంపించాడు, చంటిబిడ్డలతో సహా. ఎనిమిదిమంది ఆడవాళ్లను తెచ్చి నా ముందు నిలబెట్టాడు. "ఇకనించి వీళ్లు మనవాళ్లే. పడకలవీ చూడు" అన్నాడు, సంతలో కొన్న గొర్రెల్ని అప్పగించినట్టు. ఓడినవాడి ఆడవాళ్లను గెలిచినవాడు కలుపుకోవడం మా దేశంలో కొత్త కాదు. అందులో తిమ్నాకు పాలు చేపుతున్నాయి, తాగే బిడ్డ లేడు. దాని రొమ్ములకు తడిబట్ట వేస్తూ నేనే ఏడ్చాను. అది ఏడవలేదు. బిడ్డను చంపించినవాడి పెళ్లాన్ని కదా, దాని మొహం చూడటానికి సిగ్గేసింది నాకు.

మూడో రోజు బావి దగ్గర సైనికుల భార్యలు చెప్పుకుంటుంటే విన్నాను. శత్రువుల ఊరు గిబ్బెతోనును ముట్టడించి అక్కడే మకాం వేసిన మా సైన్యం, తమ సేనాపతి ఒమ్రీనే రాజుగా ఎన్నుకుందట. కుండ అక్కడే దించేసి వచ్చి చెప్పాను. "నా తలమీద పట్టాభిషేక తైలం పోశారు. రాజును నేను. బావి దగ్గరి కబుర్లు కొలువుదాకా మోసుకురాకు" అన్నాడు. తైలం పోయించుకుంటే చాలనుకున్నాడు. సైన్యాన్ని ఒక్క మాట అడగాలని తోచనేలేదు. తోచడానికి, ఎన్నడైనా ఎవరినైనా అడిగిన అలవాటుంటేగా! పదిహేనేళ్ల కాపురంలో కూరలో ఉప్పు సరిపోయిందా అని నేనడగడమే తప్ప, నువ్వు తిన్నావా అని ఆయన అడిగింది లేదు.

ఏడో రోజు మధ్యాహ్నానికి ఒమ్రీ మనుషులు ఊళ్లోకి వచ్చేశారు. మా ఆయన నూనె జాడీలన్నీ కోట నడిమి గదిలోకి మోయించాడు. మోసింది మేమే, ఆడవాళ్లం. దేనికో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన దేవదారు స్తంభాలమీద నూనె కుమ్మరించడం మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు.

"అందరినీ లోపలికి తోలుకురా. షేరాను కూడా."

"మన కూతురండీ, దానికి తొమ్మిదేళ్లే."

"అయితే? పెరిగాక ఒమ్రీ పక్కలోకి పంపుతావా? నా పరువేం కావాలి?"

"ప్రాణాలుంటే చాలు కదండీ..."

"నోర్ముయ్. నా ఆడవాళ్లు నాతోనే పోవాలి. తలుపేసి రా." కాగడా కోసం లోపలి మూలకు నడిచాడు.

గుమ్మం బయట ఎనిమిదిమందీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. తిమ్నా నన్నే చూస్తోంది. "మొగుడు ఎక్కడో పెళ్లాం అక్కడే. ఆలోచనేంటే, పద లోపలికి" అంది అత్తగారు. తను మాత్రం చేతికర్ర పట్టుకుని అప్పుడే వెనక వాకిలి వైపు నాలుగడుగులు వేసింది. నవ్వొచ్చింది నాకు, ఆ భయంలోనే. షేరా నా చెంగు లాగింది. నూనె అంటిన చేతులు చూపించి, "అమ్మా, ఇంకా ఎన్ని జాడీలు మొయ్యాలి?" అంది.

"ఇంక లేవమ్మా" అన్నాను. దాని చెయ్యి తిమ్నా చేతిలో పెట్టాను. "వెనక వాకిలి. అందరూ. పరుగెత్తండి."

ఆయన తనమీద తానే నిప్పు పెట్టుకున్నాడని ఊరంతా చెప్పుకుంటారు. అబద్ధమేం కాదు, కాగడా పట్టుకున్నది ఆయన చెయ్యే. తలుపు వెయ్యమన్నాడు, వేశాను. బయట గడియ కూడా పెట్టాను.