జడ మీద మొక్కు

కోమలి జట్టు గెలవడం మొదలుపెట్టినప్పటి నుంచి జట్టులో అందరికీ సంతోషం, కోమలికి మాత్రం బెంగ. కారణం వాళ్ళవ్వ గంగులమ్మ. ఆవిడ మొక్కుకుంది.

మొక్కుకోవడంలో వింతేమీ లేదు. తిరుపతిలో పుట్టి, కొండను చూస్తూ పళ్ళు తోముకుని పెరిగిన మనిషి. ఇంట్లో స్టవ్ వెలగకపోతే ముందు కొండవైపు తిరిగి దండం పెట్టి, ఆ తర్వాతే సిలిండర్ ఉందో అయిపోయిందో చూస్తుంది. ఆ మొక్కుకున్నదేదో తన జుట్టే మొక్కుకుని ఉంటే కోమలి పట్టించుకునేది కాదు. కానీ అవ్వ తల మీద మిగిలింది నిమ్మకాయంత ముడి. అంత చిన్నది చూపించి అంత పెద్ద కోరిక కోరడం మర్యాద కాదనుకుందేమో, మనవరాలి జడను మొక్కుకుంది. నడుము దాటి కిందికి దిగిన జడ అది. ఆదివారం ఆదివారం తలంటి, సాంబ్రాణి పొగ పట్టి దాన్ని పెంచింది తానే కాబట్టి, దాని మీద హక్కులన్నీ తనవేనని అవ్వ నమ్మకం.

కోమలి చదివేది కరకంబాడి రోడ్డులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. ఆ కాలేజీకి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఒకటుందని కాలేజీలోనే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వేవాళ్ళు. కోమలి చేరినప్పటి నుంచి ఈ ఏడాది దాకా ఆ జట్టు ఒక్క మ్యాచ్ గెలిచిన పాపాన పోలేదు. కోర్టు లేదా అంటే ఉంది. కానీ బ్రహ్మోత్సవాలు వస్తే యాత్రికుల బస్సులన్నీ అందులోనే నిలిచేవి. పీడీ దయానంద్ సారు అసలు కబడ్డీ మనిషి. బాస్కెట్‌బాల్ ఆయన ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని పిల్లలకు నేర్పేవాడు. సిగ్నల్ సరిగా లేని రోజు పాఠం సగంలో ఆగిపోయేది.

ఈ ఏడాది కాలేజీల లీగులో పేరు తెచ్చుకోకపోతే జట్టును ఎత్తేసి, కోర్టును ఏడాది పొడుగునా పార్కింగుకే వదిలేస్తామని జూలైలో యాజమాన్యం కబురు పెట్టింది. కోమలి కెప్టెన్. ఇంటికి వచ్చి భోరుమని ఏడ్చింది. అవ్వ చూడలేకపోయింది. మిద్దె మీదికి పోయి, కొండకు ఎదురుగా నిలబడి ఏదో మాట్లాడి, నెమ్మదిగా దిగి వచ్చింది.

"ఏడవబాక అమ్మణ్ణీ. కప్పు మీదే. నీ తలనీలాలు ఇప్పిస్తానని సామికి మొక్కినాను."

"అవ్వా! నన్నొక మాట అడగొద్దా?"

"ఇచ్చేది ఆయన. నిన్నేమడిగేది?"

కోమలి ఏడుపు ఆపి నవ్వింది. ఆ జట్టుతో కప్పు రావడం కల్ల. అంటే తన జడ భద్రంగా ఉన్నట్టే. మొదటి మ్యాచ్‌లో రిహానా బంతి దొరికిన ఉత్సాహంలో ఎటు పరిగెత్తాలో మరిచిపోయి సొంత రింగులోనే వేసింది. రెండో మ్యాచ్‌లో కృపామణికి మడమ బెణికింది. కృపామణిది పులికాట్ ఒడ్డున పల్లె, వాళ్ళ నాయనతో పడవెక్కి వలలు లాగిన చేతులు. జట్టులో ఉన్న పొడవంతా ఆ పిల్లే. ఆమె కుంటుతూ పక్కన కూర్చుంటే మిగిలినవాళ్ళు ఎగిరినా రింగు అందేది కాదు. మూడో మ్యాచ్‌కు ముందు ఇంకొక అమ్మాయికి నిశ్చితార్థం అయింది. కాబోయే అత్తగారికి ఈ ఎగరడాలు నచ్చలేదు. జడ మరీ భద్రంగా ఉంది.

తర్వాత బ్రహ్మోత్సవాలు వచ్చాయి, కోర్టు నిండా బస్సులు. దయానంద్ సారు తల పట్టుకున్నాడు. ప్రాక్టీసు మానితే జట్టు పోతుంది, చేయాలంటే చోటు లేదు. చివరికి పిల్లల్ని ఆ బస్సుల మధ్య సందుల్లోనే బంతి కొట్టుకుంటూ పరిగెత్తమన్నాడు. అద్దాలు పగలకూడదు, డ్రైవర్లు నిద్ర లేవకూడదు. బస్సు చాటు నుంచి ఎవరు వస్తున్నారో కనిపించదు కాబట్టి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ, పిలుపును బట్టి బంతి విసరడం అలవాటైంది. ఉత్సవాలయ్యాయి, బస్సులు పోయాయి, కృపామణి మడమ కుదురుకుంది. తర్వాతి మ్యాచ్‌లో ఎదుటి జట్టు పిల్లలు అడ్డం వస్తే వీళ్ళకు నవ్వొచ్చింది. బస్సులతో పోలిస్తే వాళ్ళెంత! జట్టును మూసేయడానికి దారి చూపిన పార్కింగే జట్టుకు ఆట నేర్పింది. ఈ సంగతి యాజమాన్యానికి ఎవరూ చెప్పలేదు, చెబితే ఇంకో నాలుగు బస్సులు పెట్టించేవాళ్ళు.

మొదటి గెలుపుకు పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. కోమలీ ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె చెయ్యి వెనక్కి పోయి జడను పట్టుకుంది. ఆ తర్వాత గెలిచిన ప్రతిసారీ అదే. ఇంట్లో అవ్వ మాత్రం ప్రతి గెలుపుకూ జడను ఇంకాస్త శ్రద్ధగా దువ్వేది. స్వామికి ఇచ్చే వస్తువు చిక్కుపడకుండా ఉండాలి కదా.

మొక్కు సంగతి దాగలేదు. అవ్వ స్వయంగా మ్యాచ్‌లకు వచ్చి, గట్టు మీద కూర్చుని పక్కవాళ్ళందరికీ చెప్పేది. రిహానా రాజీ మార్గం వెతికింది.

"ఆడోళ్ళకు మూడు కత్తెర్లు చాలంట గదా అవ్వా? కొస కొంచెం ఇస్తే సరిపోదా?"

"గుండని నోటితో అన్నాక కొసలిస్తే ఒప్పుకుంటాడా? వడ్డీతో వసూలు చేసే దేవుడమ్మా ఆయన."

దయానంద్ సారు ఓదార్చబోయాడు. "బాధపడబాక పాపా. జడ బరువు లేకుంటే నువ్వింకా బాగా ఎగరొచ్చు." ఆ మాటకు కోమలికి ఆ పూటంతా అన్నం సహించలేదు.

అసలు దెబ్బ వేరే రోజు తగిలింది. గెలిచే మ్యాచ్‌లోనే కోమలి చేతికందే దూరంలో ఉన్న బంతిని రింగులో వేయలేక జార్చింది. ఎవరికైనా జరిగేదే. కృపామణి పక్కనుంచి పరిగెత్తుతూ నవ్వింది. "ఏందిమే, జుట్టు గుర్తొచ్చిందా?"

ఎగతాళికే అంది. కోమలి కూడా నవ్వింది. కానీ ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. జట్టులో ఒక్కరు అలా అనుకున్నా తను కెప్టెన్‌గా ఉండి ఏం లాభం? ఆ రోజు నుంచి ప్రతి బంతినీ తన మీద పడిన నింద తుడుచుకుంటున్నట్టు ఆడింది.

సెమీఫైనల్లో పుత్తూరు నుంచి వచ్చిన జట్టుతో స్కోరు సమానంగా ఉంది. ఆట ముగిసే ముందు కోమలి బంతితో దూసుకుపోతుంటే, వెనక నుంచి ఆపలేక ఆ జట్టు పిల్ల ఈమె జడ పట్టి లాగింది. కోమలి వెల్లకిలా పడింది. రెఫరీ ఈల వేసి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. అవ్వ గట్టు మీద నుంచి "ఆ జుట్టు సామిదే! దాన్ని లాగితే కండ్లు పోతాయి!" అని కేకలు పెట్టింది. కోమలి గీత దగ్గర నిలబడి రెండూ వేసింది. జట్టు ఫైనల్‌కు చేరింది. జడే జట్టును గెలిపించి, తన నెత్తికి కత్తి తెచ్చుకుంది.

ఫైనల్ ముందు రోజు కోమలి అద్దం ముందు నిలబడి, తలకు బిగుతుగా తువ్వాలు చుట్టుకుని చూసుకుంది. చెవులు కొంచెం పెద్దవిగా కనిపించాయి. ఏడుపు రాలేదు. కప్పు తీసుకుని, మర్నాడే కొండకు పోయి జడ ఇచ్చేయాలని ఖాయం చేసుకుంది. చేసుకున్నాక ప్రాణం తేలికపడింది.

"బాగానే ఉండాదవ్వా. గుండైతే ఏమైంది, మళ్ళీ మొలస్తాది గదా," అంది.

అవ్వ తువ్వాలు చుట్టిన ఆ తలను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులేసుకుని, చేతిలో టెంకాయ పట్టుకుని, పనుందని బయటికి పోయింది.

ఫైనల్ చిత్తూరులో. కోమలి ఆడినంతగా ఆ రోజు ఎవరూ ఆడలేదు. ఆ మాట చిత్తూరు వాళ్ళే అన్నారు. ఆఖరి క్షణాల్లో వీళ్ళు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. రిహానా "కోమలీ!" అని పిలిచి బంతి విసిరింది. కోమలి అందుకుని, ఇద్దర్ని దాటి, ఎగిరి వేసింది. బంతి రింగు అంచు మీద తిరిగింది. లోపలికి పడదామా వద్దా అని ఎవరినో అడుగుతున్నట్టు తిరిగి, బయటికి పడింది. ఈల మోగింది.

పిల్లలంతా ముందు రింగు వైపు చూశారు, తర్వాత కోమలి వైపు, తర్వాత ఆమె భుజం మీద నుంచి ముందుకు జారిన జడ వైపు. కృపామణి చూపు తిప్పేసుకుంది. తిరుపతి బస్సులో కోమలి పక్క సీటు ఖాళీగానే వచ్చింది. తను ప్రాణం పెట్టి ఆడిందని చెప్పడానికి ఆమె దగ్గర సాక్ష్యమేమీ లేదు. కావాలని పోగొట్టిందనడానికి మాత్రం నడుము పొడుగునా వేలాడుతోంది.

మర్నాడు ఇంట్లో కోడికూర వాసన. కోమలికి ఒళ్ళు మండింది.

"ఓడిపోయినందుకు కూరా?"

"గంగమ్మకు కోడిని కోసినాను," అంది అవ్వ, పొయ్యి వైపే చూస్తూ.

"దేనికి?"

అవ్వ గరిటె తిప్పుతూ నీళ్ళు నమిలింది. చివరికి చెప్పక తప్పలేదు. తువ్వాలు చుట్టుకున్న మనవరాలిని చూసి ఆవిడ గుండె తరుక్కుపోయింది. కొండ మీది స్వామితో అన్న మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. అందుకని నేరుగా తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయింది. గంగమ్మ స్వామికి చెల్లెలు. అన్న పట్టుబట్టినా చెల్లెలు ఒక మాట చెబితే వింటాడని అవ్వ లెక్క. పిల్ల జడ దక్కితే కోడిని ఇస్తానని మొక్కుకుంది.

"మేము ఓడిపోవాలని మొక్కినావా?" అంది కోమలి.

"ఛీ ఛీ! అట్ట మొక్కుతానా? జడ దక్కాలని మొక్కినా. ఎట్ట దక్కిస్తాదో ఆ తల్లి ఇష్టం."

"నేనే కావాలని పోగొట్టినానని అందరూ అనుకుంటుండారవ్వా. కృప నాతో మాట్లాడలేదు."

అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పూట కోడికూర ఎవరూ ముట్టలేదు.

తెల్లవారి కోమలి కొండ బస్సెక్కింది. అవ్వ వెనకే రొప్పుకుంటూ వచ్చి ఎక్కింది. కల్యాణకట్ట దాకా బతిమాలుతూనే ఉంది.

"కప్పు రాలే గదా, మొక్కు చెల్లదమ్మణ్ణీ! ఇయ్యాల్సిన పన్లేదు!"

"ఇది నీ మొక్కు కాదవ్వా. నాది."

"నువ్వేం కోరినావు?"

"ఏం కోరలేదు. ఊరికే ఇస్తుండా."

ఏమీ కోరకుండా స్వామికి జుట్టిచ్చే మనిషిని ఆవిడ తన జన్మలో చూడలేదు. కోమలి టోకెన్ తీసుకుని, గుండు గీసే ఆమె ముందు కూర్చుని తల వంచింది. తడిసిన జడ బరువుగా ఒళ్ళో పడినప్పుడు కళ్ళు మూసుకుంది. తెరిచి చూసేసరికి పక్క పీట మీద అవ్వ కూర్చుని ఉంది, నిమ్మకాయంత ముడి విప్పుకుని.

"నీకెందుకవ్వా?"

"నువ్వొక్కదానివే గుండుతో బస్సెక్కితే నేను సూడలేను," అంది అవ్వ. అప్పుడేడ్చింది కోమలి, ఫైనల్ ఓడినప్పుడు కూడా రానంత ఏడుపు.

కాలేజీలో యాజమాన్యం రెండో బహుమతికే ఉబ్బితబ్బిబ్బై జట్టును ఉంచేసింది. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టింది. అందులో కోమలి నిలువెత్తున, జడతో నవ్వుతోంది. దాని కిందనుంచి గుండుతో లోపలికి వస్తుంటే వాచ్‌మన్ ఆపి ఎవరు కావాలని అడిగాడు.

కోర్టులో అందరూ ఉన్నారు. అందరూ ఆ గుండు వైపు చూశారు. కృపామణి వచ్చి ఎదురుగా నిలబడింది. తర్వాత చేతిలో ఉన్న బంతిని బలమంతా పెట్టి కోమలి గుండెల మీదికి విసిరింది. కోమలి పట్టుకుంది. చేతులు చురుక్కుమన్నాయి.

"లేటుగా వచ్చినావు. పరిగెత్తుమే!" అంది కృపామణి, కళ్ళు తుడుచుకుంటూ.

ప్రాక్టీసు అయ్యాక చూస్తే అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది, గుండు మీద కొంగు కప్పుకుని. కాసేపు కొండ వైపు, కాసేపు గంగమ్మ గుడి వైపు తిరిగి పెదవులు కదుపుతోంది.

"అవ్వా! ఏం మొక్కుతుండావు?"

"ఏం లేదులే. నీకు జుట్టు బిన్నా మొలవాలని."

"అంత తొందరేముంది?"

"వచ్చే ఏడు కప్పుకు కావాల గదమ్మణ్ణీ," అంది అవ్వ.