నేల తాగాకే జవాబు

సౌదీలోని జిజాన్‌లో టీ కెటిలు పట్టుకుని కూర్చునే, ఆదిలాబాదు అడవిలో తవ్వబోయిన గనిని నేను ఆపేశాను. నవ్వకండి. నా పేరు మల్లేశం, రిఫైనరీ పక్కన కూలీల క్యాంపులో వంటవాణ్ణి. ముందు కథ వినండి.

మా క్యాంపులో ఆత్రం సోనేరావు అనే గోండు యువకుడు వెల్డింగు పని చేసేవాడు. టీ అందుకోగానే మొదటి చుక్క నేల మీద ఒంపేవాడు. నేలతల్లి కంటే ముందు తాగకూడదని వాళ్ల ఇంటి ఆచారం.

"మీ తల్లికి షుగరు తెప్పిస్తవురా" అని ఆటపట్టించేవాణ్ణి.

ఒక గురువారం అతను గ్లాసు ముట్టలేదు. ఏమైందని అడిగాను.

"మా ఊళ్లె గని తవ్వుతరట కాక. రేపే గ్రామసభ. కంపెనోళ్లు ఇంటింటికి తిరుగుతున్నరు. పక్కింటోళ్లు ఒప్పుకున్నరని మా అవ్వకు చెప్తరు, మా అవ్వ ఒప్పుకున్నదని పక్కింటోళ్లకు చెప్తరు. ఏం జెయ్యాల్నని అవ్వ నన్నడుగుతున్నది."

"ఏనుగుతోటి మేక కొట్లాడుతదా? ఒప్పుకొమ్మను" అన్నాను. పోయేది మన ఇల్లు కానప్పుడు మనమంతా ఇంత తేలిగ్గానే సలహా ఇస్తాం.

అంతలో ఆఫీసులో పనిచేసే కడప రియాజ్ ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. క్రేను మెకానిక్, పేరు సెవెరినో. దక్షిణ అమెరికాలోని పెరూ కొండల్లో పుట్టిన కెచువా ఆదివాసీ. టీ ఇచ్చాను. అతనూ మొదటి గుక్క ఇసుక మీద పోశాడు. ఇసుక గుటుక్కున మింగిన చప్పుడు మా టీ పందిరంతా వినిపించింది.

సోనేరావు లేచి నిలబడ్డాడు. "రియాజన్నా, అడుగే. వాళ్ల దిక్కు గనులున్నయా?"

సెవెరినో తనకొచ్చిన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. రియాజ్ మాకు తెలుగు చేశాడు.

"ఓడల్లో దొరలొచ్చి వీళ్ల కొండలు లాక్కొని ఐదు నూర్ల ఏండ్లయిందంట. బడిలో సొంత మాట మాట్లాడితే కొట్టేవాళ్లంట. ఇప్పుడు దొరల బదులు కంపెనీ. పక్కూరోళ్లు ఎవురింట్లో వాళ్లు కూర్చొని ఒక్కొక్కరే తలూపినారు, గని వచ్చేసింది. వాళ్ల ఏట్లో నీళ్లు ఇప్పుడు గొర్రెలు గూడా తాగవంట."

"మరి వీళ్లేం జేసిండ్రు?"

"ఇంట్లో ఎవురూ జవాబు చెప్పకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. ఆడోళ్లు మొగోళ్లు అందరూ కింద కూర్చొని, ముందు నేలకు పోసి, ఆమీదట మాట్లాడేది. కంపెనీ ఆయప్ప 'మీ నాయకుడెవురు?' అంటే, 'నేల ఇంకా తాగుతా ఉండాది, కూర్చో సామీ' అన్నారంట. పొద్దుగూకేదాకా కూర్చొని పోయినాడంట!"

మేం నవ్వాం. సెవెరినో నవ్వలేదు. ఇంకో రెండు మాటలు చెప్పాడు.

"ఆ గొడవలో ఈయన తమ్ముడు జైలుకు పోయినాడంట" అన్నాడు రియాజ్ గొంతు తగ్గించి. "గని రాలేదు. మళ్లీ వస్తారంట. మళ్లీ కూర్చుంటామంటున్నాడు."

సోనేరావు పక్కకు వెళ్లి తల్లికి ఫోను చేశాడు. గోండి మాట, నాకొక్క ముక్క అర్థం కాలేదు.

"ఏం చెప్పినవురా? వద్దన్నవా?"

"వద్దనలేదు, ఇయ్యుమనలేదు. ఇంట్ల జవాబు చెప్పకు, అందరు నేల మీద కూసోండ్రి అన్న. కూసున్నంక ఏమంటరో వాళ్లిష్టం. ఆడ బతికేది వాళ్లు గద కాక."

మరునాడు శుక్రవారం, సెలవు. సోనేరావు తల్లి సభలోంచి ఫోను చేస్తే, బల్ల మీద పెట్టుకుని విన్నాం. అధికారి పేరు పేరునా ఇళ్లవాళ్లను పిలుస్తున్నాడు. ఒక్కరూ పలకలేదు. "ముందు నేలకు పోస్తున్నరు కాక" అన్నాడు సోనేరావు. తర్వాత ఆడవాళ్ల గొంతులు, వాటి వెనక మగవాళ్ల గొంతులు, అధికారికి తెలిసేలా తెలుగులోనే, ఒక్కసారిగా లేచాయి: "ఇయ్యం!"

సోనేరావు గ్లాసు అందుకుని, మొదటి చుక్క ఒంపి, తాగాడు.

అయ్యలారా, అమ్మలారా! సముద్రాలకు ఆ ఒడ్డయినా ఈ ఒడ్డయినా, నేల మీది మాట ఆ నేల మీద బతికేవాళ్లదే. వాళ్ల తరఫున తలూపే హక్కు దొరకు లేదు, కంపెనీకి లేదు, మేకా ఏనుగూ సామెత చెప్పే వంటవాడికీ లేదు. గనిని ఆపింది నేను కాదు. టీ మాత్రం నాదే.

ఇంకొకటి. ఇసుక గుటక వేసిన చప్పుడు నా కల్పన. ఆ ఊరు "ఇయ్యం" అన్న చప్పుడు మాత్రం ఈ చెవులతో విన్నదే.