చిల్లుల బకెట్టు

నవ్వితే నవ్వండి గానీ, నేనొక పిరికి బకెట్టుని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, ఇనప హ్యాండిలు, బిగుతైన మూత. ఫ్యాక్టరీలో పుట్టి, కడుపు నిండా గోడల రంగు పోసుకుని హనుమకొండ వచ్చాను. రంగు ఉన్నన్నాళ్ళూ నన్నెంత అపురూపంగా చూశారో! వినోదమ్మ ఇంటి గోడలు పూర్తవగానే పెయింటరు నన్ను మెట్ల కింద బోర్లించి వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. మనుషుల లెక్క అది. లోపల సరుకున్నంత వరకే వస్తువు, అయిపోతే చెత్త. భయం నన్ను పట్టుకున్నది అప్పుడే. పొద్దున్నే చెత్తబండి పాట వినిపిస్తే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి.

మేడ మీద గదిలో ఇద్దరమ్మాయిలు అద్దెకుండేవారు. ఇద్దరూ ఎమ్మెస్సీ చదువుతున్నారు. సమ్మక్కది ఏటూరునాగారం దగ్గర పల్లె, ప్రణవిది కరీంనగర్. చదువులో ఇద్దరూ చురుకే. చెత్త దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే పద్ధతి. అన్నీ ఒకే కవర్లో కుక్కడం, బండి వచ్చే వేళకి నిద్రపోవడం, లేచాక ఆ కవరు గేటు పక్కన పడేసి కాలేజీకి పరిగెత్తడం. కుక్కలు దాన్ని చింపి నిన్నటి పప్పూ, మొన్నటి గుడ్డుపెంకులూ వీధంతా పరిచేవి. చూసి చూసి వినోదమ్మ ఒకనాడు తేల్చి చెప్పేసింది.

"ఇంకోసారి గేటు కాడ మీ చెత్త కనబడ్డదంటే రూము ఖాళీ చెయ్యాలె. పరీక్షలో గిరీక్షలో నాకు తెల్వదు."

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇప్పుడు ఇంకో గది ఎవరిస్తారు? సమ్మక్క మొహం పాలిపోయింది. ఆ మొహంతోనే మెట్ల కింద ఉన్న నన్ను చూసింది.

"ఆంటీ, ఈ బకెట్ నేను తీస్కోనా?"

బతికానురా దేవుడా అనుకున్నాను. తీరా పైకి వెళ్ళాక ఆ పిల్ల ఇనప చువ్వని పొయ్యి మీద ఎర్రగా కాల్చి నా ఒంట్లో దించింది. ఒక చోట కాదు, ఒళ్ళంతా! చిల్లు పడితే బకెట్టుని పారేసే మనుషులు, బాగున్న బకెట్టుకి చిల్లులు పొడుస్తారని ఎవరనుకుంటారు? అరవడానికి నోరు లేక ఊరుకున్నాను. "గాలి ఆడాలె గదా," అని ప్రణవికి చెప్పింది తాపీగా. అడుగున కొబ్బరిపీచు, ఎండుటాకులు, వాటి మీద కూరగాయ తొక్కలు, కాస్త పులిసిన మజ్జిగ. నాలో ఎరువు చేస్తుందట.

మెల్లగా అలవాటు పడ్డాను. లోపల ఏ పురుగు పాకినా గుండె ఝల్లుమనేది. అయినా పొర్లిపోయే ఆ కవరు చిక్కిపోయింది, గేటు దగ్గర శుభ్రమైంది. కడుపులో మళ్ళీ సరుకుంది కదా, నన్నెవరూ పారేయరులే అని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

ఇంతలో తమ్ముడికి జ్వరమని కబురొచ్చి సమ్మక్క ఊరెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "తడి చెత్త బకెట్ల, పొడి చెత్త సంచిల. మర్చిపోకే," అంది.

ప్రణవి మర్చిపోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. తడిగా ఉన్నదల్లా నాలో వేసింది. పాల ప్యాకెట్లు కడిగింది, తడిగా ఉన్నాయి కనుక వేసింది. కూర పార్సిలు కవర్లు, స్నానాలగదిలోని షాంపూ ప్యాకెట్లు, అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఉల్లిపొట్టు పొడిగా ఉందని సంచిలోకి పంపింది. ఎండిపోయిన అరటితొక్కని పట్టుకుని కాసేపు ఆలోచించి, దాని మీద నీళ్ళు చిలకరించి మరీ నాలో వేసింది! ఇంత శ్రద్ధగా తప్పు చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కవర్లు నా చిల్లులకు అడ్డం పడ్డాయి. అడుగున నల్లటి నీళ్ళు నిలిచాయి. నాకు ఊపిరాడలేదు. ఆ కంపు మెట్లు దిగి వినోదమ్మ వంటింట్లో దూరింది. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పైకి వచ్చేసరికి, ఊరి నుంచి అప్పుడే దిగిన సమ్మక్క భుజం మీద బ్యాగు ఇంకా అలాగే ఉంది.

"రేపు పొద్దుగాల వచ్చి చూస్త. ఇదే వాసనుంటే బకెట్ బండ్లకు పోవాలె, మీరు ఇంట్లకెల్లి పోవాలె!"

ఆవిడ దిగిపోయాక సమ్మక్క నన్ను డాబా మీద పాత పేపర్లు పరిచి గుమ్మరించింది.

"ఇదేందే ప్రణవీ? పాల ప్యాకెట్లా?"

"తడివే గదనే! తడివి బకెట్ల అన్నవ్ గద!" ప్రణవి గొంతులో ఏడుపు.

సమ్మక్క ఆ ప్యాకెట్లనోసారి, ప్రణవినోసారి చూసింది. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "నేనే సరిగ చెప్పలే. తడి, పొడి ఇడ్సిపెట్టు. కుళ్ళేదా, కుళ్ళందా, అట్ల అడుగు. కుళ్ళేది బకెట్ల. కుళ్ళంది సంచిల."

ఇద్దరూ కవర్లన్నీ ఏరేసి, మిగిలినదాన్ని ఎండలో ఆరబెట్టి, ఎండుటాకులూ అట్టముక్కలూ కలిపి మళ్ళీ నాలో నింపారు. మర్నాడు చెత్తబండి పాట వీధి మొదట్లో ఉండగానే వినోదమ్మ వచ్చింది. మూత తీసి వంగింది. ప్రణవి సమ్మక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకైతే పట్టుకోవడానికి చెయ్యి కూడా లేదు.

"ఊఁ... ఇప్పుడైతే లేదు," అని ఆవిడ మూత పెట్టేసింది. "మళ్ల వచ్చిందనుకో, నేను మనిషిని కాను!"

బండి గేటు దాటి వెళ్ళిపోయింది. గది దక్కింది. ప్రణవి ఆ సంతోషంలో చేతికి దొరికిన ప్రతిదాన్నీ పైకెత్తి అడగడం మొదలుపెట్టింది. ఉల్లిపొట్టు? కుళ్ళేది. పెన్ను మూత? కుళ్ళంది. చివరికి నా మూత మీద దరువేసి, "మరి ఇదో?" అంది.

"అదా? ప్లాస్టిక్ గదనే. మనం పోయినంక గూడ ఉంటది," అంది సమ్మక్క, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

ఇద్దరూ నవ్వారు. పరీక్షలయ్యాక వీళ్ళు గది ఖాళీ చేస్తారు. నేను ఏ చెత్తగుట్ట మీదో పడతాను. నాలో పడిన తొక్కలన్నీ మట్టిలో కలిసిపోయి ఉంటాయి. పారేస్తే చచ్చిపోతానని ఇన్నాళ్ళూ వణికాను. ఇప్పుడు, చావనని తెలిసి వణుకుతున్నాను.