నాలుగు డిగ్రీలు

ఎనిమిది అంకె వేస్తున్నట్టు చెయ్యి తిరుగుతోంది. గాజుపలక మీద తడిపిన గరుకు కాగితం, దాని మీద అరచేతిలో ఇమిడే రాగి దిమ్మ. ఇరవై చుట్లకోసారి, అందరూ 'రాగి మావయ్య' అనే ఆ మనిషి దిమ్మను తిరగేసి, కిటికీ వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. నున్నటి అడుగులో తన కనుబొమ్మ వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే పని అయినట్టు. ఆ పొద్దున అయిదుసార్లు కనిపించాయి. అయినా తృప్తి లేక ఆరోసారి అరగదీస్తున్నాడు.

ఆ షెడ్డులో తయారయ్యేవి హీట్‌సింకులు. కంప్యూటరులో ప్రాసెసరు నెత్తిన కూర్చుని, దాని వేడిని లాగి, రెక్కల గుండా గాలికి వదిలేసే లోహపు దిమ్మలు. గుమ్మానికి కుడిపక్క రాగివి, ఎడమపక్క అల్యూమినియంవి. కుడిపక్క మావయ్య. ఎడమపక్క కోత మిషను దగ్గర ఆయన బావ, అంటే పెద్దక్క మొగుడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇద్దరికీ అదే తగువు.

"నీ రాగి మోస్తే నడుం విరిగి చస్తాంరా" అంటాడు బావ.

"నీ అల్యూమినియంతో అక్కకి మూకుళ్ళు చేయించు బావా" అంటాడు మావయ్య.

ఆ రోజు మాత్రం అది వేళాకోళం కాదు. నెలాఖరుకల్లా షెడ్డులో సగం ఖాళీ చెయ్యాలి. ఆసుపత్రి యంత్రాలు చేసేవాళ్ళ ఆర్డరు ఒకటి వచ్చింది. బరువెక్కువ గనక రాగి బాగా తేడాతో చల్లబరిస్తేనే నెగ్గినట్టని, ఇవాళ్టి పరీక్షలో ఏది నెగ్గితే ఆ పని ఉంటుందని, రెండోది ఎత్తేస్తానని ఓనరమ్మ ముందురోజే చెప్పేసింది. నాన్చే మనిషి కాదు. పని పోతే ఆ పనివాడి మాటేమిటని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

అందుకే మావయ్య పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అసలే ఆయనకి ఒకచోట కుదురు లేదు. బడిలో బెంచీ మీద కంటే గోడకుర్చీ వేసిందే ఎక్కువ. సినిమాకి వెళ్తే విశ్రాంతి దాకా కూర్చున్న పాపాన పోలేదు. లాండ్రీ దుకాణం పైన రెండు గదుల ఇంట్లో ఆయన అన్నం కూడా నిలబడే తింటాడు. "కంచం పట్టుకుని ఊరేగకండి" అని భార్య పాతికేళ్ళు మొత్తుకుని మానేసింది. పెళ్ళికి ముందు మూడు ఉద్యోగాలు మూణ్ణెల్లు దాటలేదు. అప్పుడు బావ చెవి పట్టుకుని ఇక్కడికి తెచ్చి రాగి దగ్గర నిలబెట్టాడు. అంతే, నిలబడిపోయాడు. దిమ్మ అరగదీస్తున్నంతసేపూ ఆయన కాళ్ళు కదలవు. ఎందుకో ఆయనకీ తెలియదు.

పది గంటలకి బావ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పరీక్ష బల్ల మీద రెండు దిమ్మలూ మావయ్యే బిగించాడు. ఒక్కొక్క ప్రాసెసరు మీద వేడిని అందించే పేస్టు చుక్క పెట్టి, పైన దిమ్మ ఉంచి, నాలుగు మూలలా స్క్రూలు. మొదట రాగి. తరవాత అల్యూమినియం. ధ్యాసంతా పరీక్ష మీదే ఉంది. అయినా వేలు అలవాటైన పనే చేసుకుపోయింది.

బావ తిరిగి వచ్చేసరికి ప్రాసెసర్ల వేడి చూపే మీటర్లు నిలకడకి వచ్చాయి. రాగి యాభై ఎనిమిది. అల్యూమినియం డెబ్భై తొమ్మిది.

"ఇంత తేడానా!" అంది ఓనరమ్మ. రెండు అంకెలూ కాగితం మీద రాసుకుంది. "సరే మావయ్యా, మీదే గెలుపు. సాయంత్రం వాళ్ళకి చెప్పేస్తాను."

మావయ్యకి పట్టరానంత సంతోషం వేసింది. బావ వైపు చూడలేకపోయాడు. బావ మందు వేసిన కళ్ళు తుడుచుకుంటూ, "నెగ్గావురా మొత్తానికి" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు మావయ్య. ఇరవై ఒక్క డిగ్రీలు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రాగికీ అల్యూమినియానికీ తేడా నాలుగు డిగ్రీలు, మహా అయితే అయిదు. ఎంత మంచి రాగైనా ఇరవై ఒకటి తేలేదు.

లోపలికి వచ్చి అల్యూమినియం దిమ్మ స్క్రూలు విప్పాడు. అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర మెరిసింది. గీతలు పడకుండా అల్యూమినియం దిమ్మలకి బావ అంటించే పొర అది. బిగించే ముందు పీకెయ్యాలి. రాగికి ఆ పొర ఉండదు. మావయ్య వేలికి పీకే అలవాటే లేదు.

ఎవరూ చూడలేదు. మావయ్య గబగబా దిమ్మను ఎలా ఉన్నదాన్ని అలాగే బిగించేశాడు. చివరి స్క్రూ తిప్పుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ తిప్పాడు.

"ఒరేయ్." వెనక బావ. రెండు చేతులతో తన చెక్క కుర్చీ మోసుకొచ్చాడు. "ఇది నీ పక్కన వేసుకో. వీపుకి బాగుంటుంది. నీకు కూర్చోవడం రాదనుకో, వయసొచ్చాక అయినా నేర్చుకోవాలిగా."

మావయ్య కుర్చీని చూశాడు.

"బావా, పొర పీకలేదు."

"ఏ పొర?"

"నీ దిమ్మకి. నేనే మర్చిపోయాను. ఇప్పుడే చూశాను. చూసి మళ్ళీ బిగించేశాను."

బావ కుర్చీ కింద పెట్టాడు. "ఎవరికి తెలుసు?" అన్నాడు మెల్లగా. "నాకు అరవై రెండు. కళ్ళా, కనబడి చావవు. నీకింకా ఎనిమిదేళ్ళ పని ఉంది. నోరు మూసుకో."

ఆ మాట అనకుండా ఉంటే మావయ్య నోరు మూసుకునేవాడేమో. గిరుక్కున తిరిగి ఓనరమ్మ గదిలోకి వెళ్ళిపోయాడు.

రెండోసారి పొర బావే పీకాడు. అరగంట తరవాత రాగి యాభై ఎనిమిది, అల్యూమినియం అరవై రెండు.

ఓనరమ్మ అంకెల్ని చూసింది, మావయ్యను చూసింది. "నాలుగు డిగ్రీల కోసం మూడింతల బరువు పెట్టలేను మావయ్యా. నిలువుగా బిగిస్తే ఆ బరువుకి కంప్యూటరు బోర్డులు వంగుతాయి. మీకు తెలియనిదా?"

"తెలుసమ్మా." నిజంగానే తెలుసు. వంగిన బోర్డులు ఎన్నో చూశాడు.

"ప్యాకింగులో ఉండండి. నేను పొమ్మనడం లేదు."

"చూస్తానమ్మా."

ఆయన చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రటి పొడి ఎప్పటిలాగే పోలేదు. పని వదిలే గంట కొట్టడానికి ఇంకా గంటన్నర ఉంది. డబ్బా చంకలో పెట్టుకుని, గేటు దాటి నడిచాడు. ఎప్పుడూ పరుగులాంటి నడకే. ఆ రోజు మాత్రం తాపీగా వెళ్ళాడని తరవాత గేటు మనిషి చెప్పాడు.

బావ కోత మిషను ఆపలేదు. సగం కోసిన కడ్డీ పూర్తిగా కోశాడు. మర్నాడు మావయ్య రాడని ఆయనకి అప్పుడే తెలుసు. ప్యాకింగు బల్ల దగ్గర నిలబడే మనిషి కాదు.

కాసేపటికి వచ్చి పరీక్ష బల్ల స్విచ్చి తీసేశాడు. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. చెయ్యవలసిన పనేదో మిగిలినట్టు అక్కడే తచ్చాడాడు. మసకగా కనిపిస్తున్న రెండు దిమ్మల మీదా చెరొక చెయ్యీ వేశాడు. అల్యూమినియం చల్లారిపోయింది. రాగి ఇంకా వెచ్చగానే ఉంది.