నా చాటున కదిలిన కన్ను

నేను ఒక నల్ల గరిటెను. పప్పు కలిపే గరిటెను కాదు. కళ్లాసుపత్రిలో ఒక కంటికి అడ్డం పెట్టి, రెండో కంటితో అక్షరాలు చదివిస్తారే, ఆ గరిటెను. చదువుకున్నవాళ్లు నన్ను ఆక్లూడర్ అంటారు. నాకైతే గరిటె అన్న పిలుపే ఇష్టం, అందులో కాస్త చనువుంది.

ఏ ఊళ్లోనో వేడి ప్లాస్టిక్కు అచ్చులో పోస్తే పుట్టాను. చీరాలలో నన్ను మొదట కొన్న కళ్లజోళ్ల షాపాయన బేరాలు లేనప్పుడు నాతో వీపు గోక్కునేవాడు. షాపు ఎత్తేస్తూ నన్ను ఒక ఆసుపత్రికి ఇచ్చేశాడు. అక్కడ కళ్లు పరీక్షించే దాసరి రూతు చేతికి వచ్చాను. ఆ చేయి ఎప్పుడూ చల్లగా, సబ్బు వాసన వేస్తూ ఉండేది.

మనుషులు చిత్రమైనవాళ్లు. కనపడని అక్షరాన్ని నా అంచు పక్కనుంచి దొంగచూపు చూసి చదివేసి, పరీక్ష నెగ్గినట్టు మురిసిపోతారు. పిల్లలకంటే పెద్దవాళ్లే ఇందులో ఆరితేరినవాళ్లు. పోనీ, నాకేం?

నేను చెప్పాలనుకున్నది నా చాటున జరిగే సంగతి. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ ఒకదానికొకటి తోడుగా ఒకే చోటికి చూస్తాయి. నేను ఒకదాని ముందుకు రాగానే దానికి ఆ బాధ్యత తప్పుతుంది. కాసేపు అలాగే నిలబడుతుంది. తర్వాత, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు, తనకు సుఖమైన వైపు మెల్లగా జరుగుతుంది. కొన్ని కళ్లు కదలవు, కొన్ని చాలా దూరం పోతాయి. నన్ను తీయగానే ఉలిక్కిపడి చోటికి వచ్చేస్తాయి. పరీక్ష చేసేవాళ్లకు కనిపించేది ఆ రాక ఒక్కటే. పోవడం నాకే కనిపిస్తుంది. అంచు చిట్లి సొరుగులో పడి ఉన్న ఈ రోజుల్లో ఆ కళ్లే నాకు కలలోకి వస్తుంటాయి.

రూతు చేయి మంచిదే, కానీ తొందరెక్కువ. క్యాంపుల్లో పూటకు నూట యాభై మందిని చూసీ చూసీ ఆ చేతికి అలా అలవాటైపోయింది. పెట్టేది, తీసేది. కన్ను ఇంకా గడప దాటకముందే వెలుగు మీద పడేది.

వేటపాలెం నుంచి వచ్చిన భ్రమరాంబ విషయంలోనూ అదే జరిగింది. నేతపనివాళ్ల అమ్మాయి. మగ్గం మీద అయిపోవచ్చిన పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడం ఆమె పని. సాయంత్రమయ్యేసరికి ఒక్కో పోగు రెండుగా కనిపిస్తోందని, తల పగిలిపోతోందని తండ్రి కోటిలింగాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. అక్షరాలన్నీ గడగడా చదివేసింది. తర్వాత రూతు నన్ను ఆమె కుడికంటికి అడ్డం పెట్టింది. నా వెనక ఆ కుడికన్ను అప్పుడే బయటి వైపు కదలబోయింది. ఆగమ్మా, ఒక్క క్షణం ఆగు అనుకున్నాను. నాకు నోరేదీ? రూతు నన్ను తీసేసింది.

“కళ్లు బంగారంలా ఉన్నాయి. ఏ లోపమూ లేదు” అంటూ చీటీ మీద నార్మల్ అని రాసింది.

“ఇన్నావుగా?” అన్నాడు కోటిలింగం కూతురితో. “పనిదొంగవే నువ్వు.”

ఆ పిల్ల తల దించుకుని వెళ్లిపోయిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే.

నాలుగేళ్లు గడిచాయి. నలభై రెండో ఏట రూతు దూరవిద్యలో, తన కంటి పరీక్షల చదువులోనే పీజీలో చేరింది. “ఈ వయసులో హోంవర్కేంటి మేడం” అని ఆసుపత్రిలో అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేసి, ఓపీ మొదలవకముందే వచ్చి, ఫోను బల్ల మీద నిలబెట్టుకుని పాఠాలు వినేది. హైదరాబాదు నుంచి భూపతి సారు చెప్పేవారు, వరంగల్ మనిషి. కిటికీలోంచి లేత ఎండ నా మీద పడుతుండగా ఆయన గొంతు వింటూ నేనూ మగతగా పడుకుని ఉండేదాన్ని. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదానికి అన్ని పేర్లున్నాయని అప్పుడే తెలిసింది.

ఒకరోజు రూతు తన పరీక్ష చేసే తీరును వీడియో తీసి పంపింది. మర్నాడు పాఠంలో సారు దాన్ని ఆపి ఆపి చూపించారు.

“గంత తొందరెందుకమ్మా? కన్నింకా కదల్నే లేదు, అప్పుడే తీస్తివి. మూడు లెక్కపెట్టు, అప్పుడు తియ్యి.”

రూతు ముఖం పాలిపోయింది. “పద్దెనిమిదేళ్లుగా ఇలాగే చేస్తున్నాను సార్” అంది.

ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పాత కాగితాలన్నీ తిరగేసింది. రెండుగా కనిపిస్తోందని చెప్పినా తాను నార్మల్ అని రాసి పంపినవాళ్లకు వరసగా ఫోన్లు చేసింది. అందరికంటే ముందు వచ్చింది భ్రమరాంబ. మగ్గం పని ఎప్పుడో మానేసి జీడిపప్పు షెడ్డులో చేరిందట, జీడి రసం తగిలి వేళ్లకు నల్లటి మరకలున్నాయి. ఆమెకు చెప్పి, ఆమె పరీక్షనే కోర్సుకు పంపాల్సిన ఆఖరి కేసుగా పెట్టుకుంది రూతు. అది సరిగా లేకపోతే ఏడాది చదువు పోయినట్టే.

దగ్గరగా పట్టుకున్న అక్షరాన్ని చూడమని, రూతు నన్ను కుడికంటికి అడ్డం పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నా చాటున కన్ను కదిలింది. నింపాదిగా, ఎవరూ తరమని దారిలో నడుస్తున్నట్టు పోతూనే ఉంది. అంత దూరం పోతుందని నేనూ అనుకోలేదు. నన్ను తీయగానే గబుక్కున లోపలికి వచ్చింది. రూతు మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. మూడోసారీ అంతే.

కేసు కాగితంలో ఒక గడి ఉంది. ఇంతకుముందు పరీక్షించినవారు ఎవరు, ఏం తేల్చారు అని. ఖాళీగా వదిలేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. కలం కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత ఆమె “దాసరి రూతు. నార్మల్ అని రాశాను. పొరపాటు” అని రాసి, భ్రమరాంబ వైపు కుర్చీ జరుపుకుంది.

“దగ్గరివి చూసేటప్పుడు నీ కళ్లు రెండూ కలిసి నిలబడలేకపోతున్నాయి భ్రమరా. రోజూ వ్యాయామం చేస్తే చాలావరకు కుదురుకుంటాయి. అప్పుడే చెప్పాల్సింది. సరిగా చూడలేదు. తప్పు నాది.”

తిట్టిపోస్తుందనుకున్నాను. ఆ పిల్ల ముందుకు వంగింది.

“అయితే నాకు నిజంగానే రెండు కనపడ్డయ్యా మేడం?”

“నిజంగానే.”

“అందరూ అనీ అనీ, నేనే అబద్ధం ఆడతన్నానేమోనని నాకే అనుమానం వచ్చేసింది” అంటూ భోరుమంది. ఎంతసేపటికో తేరుకుని కళ్లు తుడుచుకుంది. “ఈ మాట మా నాన్నకి రాసిస్తారా? నోటిమాట నమ్మడు. మీరు అప్పుడు రాసిన చీటీ ఇంకా దాచిపెట్టుకున్నాడు.”

రూతు ఆసుపత్రి కాగితం తీసి పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసింది: “కోటిలింగం గారికి, మీ అమ్మాయికి పోగులు రెండుగా కనిపించిన మాట నిజం. ఆమె పని ఎగ్గొట్టలేదు. చూడలేకపోయింది నేను.”

“ముద్ర కూడా వెయ్యండి మేడం.”

రూతు ముద్ర వేసింది. భ్రమరాంబ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో బిగించి, వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయింది. వ్యాయామాలు రాసిన చీటీ బల్ల మీదే ఉండిపోయింది. రూతు దాన్ని ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని, “భ్రమరా, ఆగు!” అంటూ గేటు దాకా పరుగెత్తింది.